అక్టోబరు పందొమ్మిది

ఆదిలాబాద్
సెప్టెంబరు 2

చిన్నమ్మకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేమీ కాలేదు. ఫోన్ ఉండగా కాగితం ఎందుకంటావేమో. నా ఫోన్‌లో మిల్లు వాళ్లు హాజరు యాప్ ఒకటి వేయించారు, అది ఇంకా ఏమేం చూస్తుందో తెలియదు. పైగా నీ గొంతు వింటే నేను అడగదలచుకున్నది అడగలేను.

పత్తి నుంచి గింజ తీసే ఈ జిన్నింగ్ మిల్లులో చేరి పది నెలలైంది. నా టేబులు మీద ‘కంప్లయన్స్ అడ్మినిస్ట్రేటర్’ అని చిన్న బోర్డు పెట్టారు. మొన్న హుస్నాబాద్ పోయినప్పుడు అవ్వ అడిగింది, “గది ఏం కొలువే?” అని. చట్టం చెప్పినట్టే మిల్లు నడుస్తున్నదని కాగితాల మీద చూపించే కొలువు అన్నాను. “నడుస్తున్నదా మరి?” అంది. నవ్వాను.

అసలు సంగతి. మీ శిక్షణా కేంద్రంలో చదివి నేను తెచ్చుకున్న రక్షణ నియమాల సర్టిఫికెట్‌కు డిసెంబరు ముప్పై ఒకటితో గడువు అయిపోతుంది. రెండేళ్లలో ముప్పై గంటల క్లాసులు విన్నట్టు చూపిస్తేనే పొడిగిస్తారు. నాకు ఆరు గంటలే ఉన్నాయి. సర్టిఫికెట్ లేకపోతే ఈ కొలువు లేదు, నియామక పత్రంలో మొదటి షరతే అది. శనివారాలు సెలవు కావాలని మా మేనేజరు విద్యాధర్ సార్‌ను అడిగాను. “పత్తి మొదలైతది. నువ్వు కరీంనగర్ల కూసోని పాఠాలు వింటే గీడ ఎవలు చూస్తరు?” అన్నారు.

కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. గంటకోసారి లేచి లారీల కాటా దాకా నడిచి వస్తున్నాను. అక్కడివాళ్లు నన్ను చూసి ఏదో తనిఖీ ఉందనుకుంటున్నారు.

క్లాసుల హాజరు పుస్తకం నీ టేబులు మీదే ఉంటుందని నాకు తెలుసు. ఇంతకంటే రాయలేను.

అలేఖ్య


కరీంనగర్
సెప్టెంబరు 11

అలేఖ్యా, బిడ్డా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ మన గల్లీలో నా పేరు పిలిచి ఎన్నేళ్లయిందో, పక్కింటి వాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు.

ఇక్కడ కొత్త బ్యాచ్ మొదలైంది. ఇరవై ఆరు మంది. గ్రానైటు క్వారీల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఈసారి పాఠం చెప్పడానికి బెల్లంపల్లి నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు, బొగ్గు బావుల్లో ఇరవై ఏళ్లు రక్షణ చూసిన మనిషి. బోర్డు మీద ఏమీ రాయడు. ఒక్కో ప్రమాదాన్నీ కథలా చెప్పి, “ఇప్పుడు చెప్పుండ్రి, గీ మనిషిని ఎవలు కాపాడొచ్చు?” అని అడుగుతాడు. హాజరు తీసుకోవడానికి వెళ్లిన నేను అక్కడే నిలబడిపోతున్నాను.

రెండు శనివారాలైనా రా. ఆదివారాలు కూడా క్లాసు పెట్టమని మా సార్ జగపతిరావు గారిని అడుగుతాను. బస్సులో నిద్రపో, ఇంట్లో తిను, క్లాసులో కూర్చో. నువ్వు అడిగిన దానికి ఇదే నా జవాబు అనుకో.

చిన్నమ్మ


ఆదిలాబాద్
సెప్టెంబరు 29

చిన్నమ్మకు,

నిన్న బయలుదేరాను. నిజంగానే. తెల్లవారుజాము బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను, నోటుబుక్కు కూడా కొన్నాను. నిర్మల్ దాటకముందే విద్యాధర్ సార్ ఫోను. కాలుష్యం బోర్డు వాళ్లకు పంపాల్సిన కాగితం ఏదో కనబడలేదట. “ఎక్కడున్నవ్? దిగి వాపస్ రా” అన్నారు. దిగాను. నిర్మల్ బస్టాండులో అరగంట అటూ ఇటూ తిరిగాను. కరీంనగర్ బస్సు ఒకటి నా ముందే ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి ఆ కాగితం దొరికింది. ఆయన సొరుగులోనే ఉంది.

నువ్వు రమ్మంటావు, వీళ్లు రానివ్వరు. వచ్చి విన్నా నేను చేసేదేముంది చిన్నమ్మా? ఇక్కడ నా పని ఖాళీ గడుల్లో తేదీలు నింపడం. నీళ్ల పరీక్ష జరిగినట్టు, మంటలార్పే సిలిండరు చూసినట్టు. కొన్ని జరుగుతాయి, కొన్నింటిని నేను అడగను.

విప్పి చెప్తున్నాను. ఇరవై నాలుగు గంటలు రాసి పెట్టు. మీ దగ్గర అట్లా రాయించుకున్న వాళ్లున్నారని నాతో చదివిన వాళ్లే చెప్పారు. ఎవరు రాశారో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

అలేఖ్య


కరీంనగర్
అక్టోబరు 30

అలేఖ్యకు,

ఇందులో కాగితం పెట్టాను. నాలుగు శనివారాలు, రోజుకు ఆరు గంటలు. సెప్టెంబరు ఇరవై ఎనిమిది, అక్టోబరు అయిదు, పందొమ్మిది, ఇరవై ఆరు. పన్నెండున దసరా కనుక వదిలేశాను. చదివి దాచుకో.

దీని గురించి ఇక నాకు రాయకు.

చిన్నమ్మ


ఆదిలాబాద్
నవంబరు 21

చిన్నమ్మా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. మిల్లులో ప్రమాదం జరిగింది.

సోమవారం పొద్దున పదిన్నరకు. కిష్టవ్వ అని, జిన్ను యంత్రాల దగ్గర దూది ఊడ్చే మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. ఈ సీజనుకే కొత్తగా వచ్చింది. యంత్రాన్ని తిప్పే పట్టాలో దూది చిక్కుకుంది. యంత్రం ఆపకుండా చేత్తో లాగబోయింది. పట్టా చేతిని లాగేసింది. మూడు వేళ్లు పోయాయి. నేను ఆఫీసులో ఉండగా ఒక్కసారిగా చప్పుడు ఆగింది. రోజంతా మోగే మిల్లు ఆగితే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. ఆ తర్వాత అరుపు వినిపించింది.

మధ్యాహ్నం విద్యాధర్ సార్ నన్ను పిలిచారు. ఎదుట శిక్షణ రిజిస్టరు తెరిచి ఉంది. సీజను కూలీలందరికీ పని మొదలయ్యే ముందే ‘యంత్రం ఆపి తర్వాతే చెయ్యి పెట్టాలి’ అని నేర్పించినట్టు అందులో ఉంది. ఎనభై నాలుగు పేర్లు, పక్కన వేలిముద్రలు. కిష్టవ్వది నలభై ఒకటో పేరు. తేదీ అక్టోబరు పందొమ్మిది.

“మనం నేర్పినం. ఆమె ఇనలే. అడ్డం ఉండే ఇనుప జాలీ గుడ ఆమెనే తీసింది. ఇన్‌స్పెక్టరు అడుగుతె గంతే చెప్పు” అన్నారు.

“సార్, ఆ శిక్షణ అసలు...” అన్నాను.

“అలేఖ్యా, సీజన్ల మిల్లు మూత వడితె ఎనభై నాలుగు ఇండ్లు పరేషాన్ అయితయి. జర సోచాయించు” అన్నారు.

ఆమె తప్పని తేలితే ఆమెకు పరిహారం రాదట. నిజమేనా? నువ్వు ఇన్నేళ్లు ఈ పాఠాలు విన్నావు. ఏ సెక్షన్ అని కాదు, నిజంగా ఏమవుతుందో చెప్పు. యార్డులో తిరుగుతూనే ఉన్నాను.

అలేఖ్య


కరీంనగర్
నవంబరు 26

అలేఖ్యా,

నిజమే. నేర్పించినా వినకుండా, కావాలని జాలీ తీసిందని తేలితే ఆమెకు రావలసింది రాకుండా చెయ్యొచ్చు. అందుకే వాళ్లకు ఆ రిజిస్టరు కావాలి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒక్క దగ్గర ఆగాను. అక్టోబరు పందొమ్మిది. నేను నీకు పంపిన కాగితంలోనూ ఆ తేదీ ఉంది, చూసుకున్నావా? ఆ కాగితం ప్రకారం నువ్వు ఆ రోజు కరీంనగర్‌లో, మా క్లాసులో ఉన్నావు.

బిడ్డా, ఆ రిజిస్టరులో నీ సంతకం ఉందా? నువ్వు రాయలేదు. నువ్వు రాయనిదే నేను చదువుతున్నాను.

ఉంటే దారి ఒకటుంది. అది నాది కాదు అను. ఆ రోజు నేను ఊళ్లోనే లేనని ఆ కాగితం చూపించు. ఎవరైనా ఇక్కడికి ఫోన్ చేస్తే మా పుస్తకంలో కూడా నీ పేరుంది. నీ సంతకం దొంగదని తేలితే శిక్షణ కూడా దొంగదేనని తేలుతుంది. ఆమెకు న్యాయం, నీకు నెమ్మది. ఒక్క మాటతో ఇద్దరూ బయటపడతారు.

బాగా ఆలోచించుకో. ఈ ఉత్తరం మాత్రం ఉంచకు.

చిన్నమ్మ


ఆదిలాబాద్
డిసెంబరు 3

చిన్నమ్మా,

ఉంది. నా సంతకం ఉంది. ‘నా సమక్షంలో శిక్షణ ఇవ్వబడినది’ అన్న వాక్యం కింద. నవంబరు అయిదున పెట్టాను. రిజిస్టరు రాసే సూపర్‌వైజరు సదానందం తెచ్చి ముందు పెట్టాడు, విద్యాధర్ సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, నేను తేదీ వైపు కూడా చూడకుండా పెట్టేశాను. నీ కాగితం అంతకు రెండు రోజుల ముందే అందింది. చదివి దాచుకోమన్నావు. నేను నకలు ఆఫీసు ఫైలులో ఇచ్చి, పొడిగింపుకు దరఖాస్తు పంపి, అసలు కాగితాన్ని చదవకుండానే దాచాను. రెండు అబద్ధాలకూ ఒకే తేదీ పడింది.

నువ్వు చెప్పిన మాటను అద్దం ముందు అనుకుని చూశాను. “ఇది నా సంతకం కాదు సార్.” చాలా బాగా వచ్చింది. నాకే భయమేసింది. నాది కాకపోతే మరి ఎవరిదని అడుగుతారు కదా. రిజిస్టరు రాసింది సదానందం. ఫోర్జరీ కేసు అతని మీదికి పోతుంది.

ఆదివారం ఆసుపత్రికి పోయాను. కిష్టవ్వ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం తింటున్నది. నన్ను గుర్తుపట్టలేదు. మిల్లు ఆఫీసు నుంచి అన్నాను.

“నా తప్పే అంటున్నరట గద బాయీ. జాలీ నేను తీసిన్నట. గా జాలీ ఎట్లుంటదో నేనైతె ఎన్నడు జూడలే” అంది.

“మిషిను ఆపాలని ఎవరైనా చెప్పిండ్రా?” అని అడిగాను.

“ఎవలు జెప్తరు? ఆపుతె మేస్త్రి ఒర్లుతడు. దూది చిక్కుతె గుంజుడే. అందరు గుంజుతరు.” ముద్ద నోట్లో పెట్టుకుని, “నువ్వు ఆఫీసుల ఏం పని జేస్తవ్?” అంది.

కాగితాల పని అన్నాను.

తొమ్మిదో తారీకున ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. సంతకం నాదే, శిక్షణ జరగలేదు అని చెప్పాలనుంది. చెప్తే విద్యాధర్ సార్ ఫైలులోంచి నీ కాగితం తీస్తారు, ఈమె మాటకు విలువేంటి అంటారు. అప్పుడు అది అబద్ధమని కూడా నేనే చెప్పాలి. అంటే నీ పేరు చెప్పడమే. నువ్వు వద్దంటే చెప్పను. వద్దంటావో లేదో తొమ్మిది లోపల తెలియాలి. ఇంటి ముందు నిలబడి పోస్టు కోసం చూస్తుంటాను.

అలేఖ్య


కరీంనగర్
డిసెంబరు 7

అలేఖ్యా, బిడ్డా,

పోస్టు సమయానికి రాదని దీన్ని బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను. ఆదిలాబాద్ బస్టాండుకు చేరగానే వాళ్లే నీకు ఫోన్ చేస్తామన్నారు.

చెప్పు. నా పేరు చెప్పు.

నువ్వు అడిగినందుకు రాశానని నువ్వు అనుకుంటున్నావు. నేనూ అట్లాగే అనుకోనిచ్చాను. నీది మొదటిది కాదు. నాలుగేళ్ల కింద ఒక ఆసుపత్రి గుమాస్తా, నెలలు నిండిన మనిషి, రెండు క్లాసులకు రాలేకపోయింది. జాలిపడి రాశాను. అది జగపతిరావు గారికి తెలిసింది. కోప్పడలేదు. తర్వాత ఆయనే చీటీల మీద పేర్లు పంపడం మొదలుపెట్టారు. నేను ఎందుకని అడగలేదు. మొన్న నీ ఉత్తరం చదివాక పాత పుస్తకాలన్నీ దించాను. క్లాసుకు రాకుండానే వచ్చినట్టున్న పేర్లు అరవై ఒకటి. నీతో కలిపి.

అరవై ఒక్క మందిలో క్వారీల వాళ్లున్నారు, రైస్ మిల్లుల వాళ్లున్నారు, ఒక ఆక్సిజన్ ప్లాంటు అతనున్నాడు. వాళ్ల కింద ఎంతమంది కిష్టవ్వలు పనిచేస్తున్నారో నాకు తెలియదు. నిన్ను అబద్ధం చెప్పమని రాసిన ఉత్తరం పోస్టులో వేసి వచ్చాక ఇంట్లో నిలవలేకపోయాను. బెల్లంపల్లి పెద్దాయన అడిగే ప్రశ్న నన్నే అడుగుతున్నట్టుంది.

నిన్న పుస్తకాలు తీసుకుపోయి జగపతిరావు గారి ముందు పెట్టాను.

“గీ పుస్తకాలల్ల క్లాసుకు రానోళ్ల పేర్లు అరవై ఒకటి ఉన్నయి సార్. నేనే రాసిన. సర్టిఫికెట్లిచ్చే సంస్థకు పొద్దున్నే ఉత్తరం పంపిన” అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “బాలలక్ష్మీ, జర తలుపు పెట్టు” అన్నారు.

“పెట్ట సార్. చెప్పేది చెప్పిన.”

“పందొమ్మిదేండ్ల సంది ఉన్నవ్ గీడ. గిట్ల జేస్తవనుకోలే.”

“నేను గుడ అనుకోలే” అన్నాను. టేబులు సొరుగు ఖాళీ చేసి వచ్చేశాను.

నీ కోసం చేశానని ఆ భారం మొయ్యకు. నువ్వు ఉత్తరం రాయకపోయినా ఆ పేర్లు ఆ పుస్తకాల్లోనే ఉండేవి.

చిన్నమ్మ


ఆదిలాబాద్
డిసెంబరు 11

చిన్నమ్మా,

పార్శిల్ ఎనిమిదిన అందింది. బస్టాండులోనే నిలబడి చదివాను.

తొమ్మిదిన మేనేజరు గదిలో విచారణ. ఇన్‌స్పెక్టరు, విద్యాధర్ సార్, సదానందం, నేను. ఇన్‌స్పెక్టరు గారు రిజిస్టరు నా వైపు తిప్పారు.

“ఈ సంతకం నీదేనామ్మా?”

“నాదే సార్.”

“శిక్షణ నీ ముందట్నే జరిగిందా?”

“జరగలే సార్. నవంబరు అయిదున సంతకం పెట్టిన. తారీకు ఎన్కది ఏసిండ్రు.”

విద్యాధర్ సార్ నేను అనుకున్నట్టే ఫైలు తెరిచారు. కొంచెం కూడా గొంతు పెంచలేదు. “సార్, గీ కాగితం చూడుండ్రి. ఆ దినం ఈమె కరీంనగర్ల క్లాసుల ఉన్నదట. రెండు చోట్ల ఒక్క మనిషి ఎట్లుంటది? ఈమె మాట పట్టుకుంటరా?”

“ఆ కాగితం గుడ అబద్ధమే సార్. నేను కరీంనగర్ పోలే. అడిగి రాయించుకున్న” అన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు రాయడం ఆపి నా వైపు చూశారు. “గిది చెప్తే నీ సర్టిఫికెట్ పోతది, ఎరుకేనా?”

“ఎరుకే సార్.”

అప్పటిదాకా గోడ చూస్తున్న సదానందం నోరు తెరిచాడు. “శిక్షణ కాలే సార్. వేలిముద్రలు కూలి పైసలిచ్చేటప్పుడు తీసుకున్నం. జాలీ పోయిన సీజన్లనే ఇరిగిపోయింది. కొత్తది పెట్టలే.”

ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం కొలువు లేదన్న కాగితం ఇచ్చారు. సదానందాన్ని ఉంచారో తీశారో ఇంకా తెలియదు. నీ సంగతి ఏమైందో రాయి.

అలేఖ్య


కరీంనగర్
జనవరి 13

అలేఖ్యా,

సంస్థ నుంచి మనుషులు వచ్చి పుస్తకాలు తీసుకుపోయారు. కేంద్రానికి తాళం పడింది. మిగతా అరవై మందినీ తప్పిన క్లాసులు మళ్లీ వినమన్నారు, నీతోపాటు కొందరి సర్టిఫికెట్లు ఏడాది ఆపారు. నన్ను ఇక ఏ శిక్షణా కేంద్రంలోనూ పని చెయ్యొద్దన్నారు. సరైనదే.

ఆ అరవై మందిలో ఒకతను ఇంటి ముందుకొచ్చి అరగంట తిట్టి పోయాడు. విన్నాను. పక్కింటామె కోమటి దుకాణంలో చిట్టాలు రాసే పని ఉందంది. పోతానో లేదో. పొద్దున తొమ్మిదయ్యేసరికి చెప్పులు వేసుకుంటున్నాను, ఎక్కడికో గుర్తు రాక మళ్లీ విప్పుతున్నాను.

నువ్వింకా ఆదిలాబాద్‌లోనే ఎందుకున్నావు? మీ అవ్వ రోజూ అడుగుతున్నది. కిష్టవ్వను చూసి రా, ఆ తర్వాత ఇంటికి రా. ఆమెకు అంతా చెప్పావా?

చిన్నమ్మ


ఆదిలాబాద్
ఫిబ్రవరి 4

చిన్నమ్మా,

చెప్పలేదు. నిన్నటిదాకా చెప్పలేదు. అందుకే ఇక్కడున్నాను. ఆమె ఊరి బస్సు రెండుసార్లు ఎక్కి సగం దారిలో దిగిపోయాను.

విచారణ ముగిసి ఆర్డరు వచ్చింది. తప్పు మిల్లుదేనని, కిష్టవ్వకు పరిహారం, వైద్యం మిల్లే ఇవ్వాలని ఉంది. జాలీలు పెట్టేదాకా యంత్రాలు నడపొద్దన్నారు. సదానందం ఫోన్ చేసి చెప్పాడు. అతన్ని వేరే షెడ్డుకు మార్చారట. అతని దగ్గర తీసుకున్న ఆర్డరు నకలు పట్టుకుని నిన్న కిష్టవ్వ ఇంటికి పోయాను.

చేతికి కట్టు లేదు. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. వాకిట్లో కూర్చుని ఆ రెండు వేళ్లతో కందులు ఏరడం నేర్చుకుంటున్నది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆ రిజిస్టరులో సంతకం నాదేనని, తర్వాత విచారణలో నిజం చెప్పానని. కాగితం చదివి వినిపించాను.

ఆమె కందులు ఏరుతూనే విన్నది.

“ఇప్పుడు జెప్పినవ్. మంచిగ జేసినవ్” అంది. ఒక రాయి ఏరి పక్కన పడేసి, “గప్పుడే జెప్తే నా చెయ్యి నాకు ఉంటుండె” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

లేచి వచ్చేద్దామనుకున్నాను. లోపలి నుంచి ఆమె కోడలు కోమల చాయ్ తెచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. కిష్టవ్వ ఆమెను చేయి పట్టి నా ముందు కూర్చోబెట్టింది.

“జాలీలు పెట్టిన్రట. రేపటి సంది గిది పోతది మిల్లుకు, నా జాగల. వద్దంటె ఇంట్ల ఎల్లదు. నీకు ఎరుకున్నది గద బాయీ అంతా? దీనికి జెప్పు.”

నా దగ్గర పుస్తకం లేదు, సర్టిఫికెట్ లేదు. ముగ్గుపిండితో నేల మీద యంత్రం గీశాను. పట్టా ఎటు తిరుగుతుంది, స్విచ్చి ఎక్కడుంటుంది, ఆపాక కూడా చక్రం ఎంతసేపు తిరుగుతుంది, కొంగు ఎట్లా దోపుకోవాలి, జాలీ లేకపోతే ఎవరిని అడగాలి. పక్క ఇళ్ల నుంచి మరో నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లూ అదే మిల్లు. కోమల అన్నీ వింటూ తల ఊపుతున్నది. చివరికి మెల్లగా అడిగింది:

“ఆపుతె మేస్త్రి తిడ్తడు గద అక్కా?”

“తిట్టనీ. ఆపు” అన్నాను.

“పనికెల్లి తీసేస్తె?”

“తియ్యొచ్చు” అన్నాను. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకామె, “అందరం ఒక్కపారే ఆపుతె ఎందర్ని తీస్తడే?” అంది. ఎవరో నవ్వారు. కోమల నవ్వలేదు, నేల మీది బొమ్మనే చూస్తున్నది.

కిష్టవ్వ కందుల చాట పక్కన పెట్టి, మిగిలిన ఆ రెండు వేళ్లతో నేను గీసిన స్విచ్చి మీద తట్టింది.

“మల్ల జెప్పు బాయీ, మొదటి నుంచి. దీనికి ఇంకా మనసున వట్టలే.”

నేను గీతలు తుడిచి మళ్లీ గీశాను.

అలేఖ్య